బ్యాలెన్స్ బైక్ నుంచి పెడల్ సైకిలుకు: పిల్లలకు ఎప్పుడు, ఎలా నేర్పాలి?

రెండు మూడేళ్ల పిల్లలున్న మన ఇళ్లలోకి ఈమధ్య బ్యాలెన్స్ బైక్ వచ్చి చేరుతోంది. దానికి పెడల్ ఉండదు, చైన్ ఉండదు, పక్క చక్రాలు ఉండవు. రెండు చక్రాలు, ఒక సీటు, ఒక హ్యాండిల్, అంతే. బిడ్డ సీటు మీద కూర్చుని కాళ్లతో నేలను నెట్టుకుంటూ పోతుంది. తెలుగులో మనం సైకిలు ‘తొక్కుతాం’ కాబట్టి, తొక్కడానికి ఏమీ లేనిది సైకిలెలా అవుతుందని ఇంట్లో పెద్దవాళ్లకు సందేహం రావడం సహజమే.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఏడాది, ఏడాదిన్నర దాని మీద హాయిగా తిరిగిన బిడ్డకు పెడల్ సైకిలు కొనాలి. ‘ఎలాగూ పెరుగుతుంది కదా’ అని రెండు సైజులు పెద్దది తెస్తాం. దుకాణంవాళ్లు పక్క చక్రాలు బిగించి ఇస్తారు. బరువైన ఆ సైకిలు మీద కాళ్లు నేలకు అందక బిడ్డ భయపడుతుంది. రెండు రోజులు ఏడుపు, మూడో రోజు నుంచి సైకిలు మెట్ల కింద. అప్పటికే వచ్చిన బ్యాలెన్స్, దానితో వచ్చిన ధైర్యం రెండూ వృథా అవుతాయి. కొంచెం తెలిసి చేస్తే ఈ మార్పు చాలామంది పిల్లలకు కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. అందుకే ఆ వివరాలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

బ్యాలెన్స్ ముందు, తొక్కడం తర్వాత

సైకిలు పుట్టిందే ఈ వరసలో. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికి పెడల్ లేదు. పెద్దవాళ్లే దాని మీద కూర్చుని కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయేవారు. ముందు చక్రానికి పెడళ్లు వచ్చింది 1860లలో, ఫ్రాన్స్‌లో. రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి, చైన్‌తో వెనక చక్రం తిరిగే సైకిలు 1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ చేతుల మీదుగా స్థిరపడింది. మనుషులు ముందు రెండు చక్రాల మీద నిలబడడం నేర్చుకున్నారు, తొక్కడం తర్వాత వచ్చింది.

ఇందులో కిటుకు ఒక్కటే. సైకిలు కుడికి ఒరిగితే హ్యాండిల్‌ను కొద్దిగా కుడికే తిప్పాలి, ఎడమకు ఒరిగితే ఎడమకే. అప్పుడు చక్రాలు ఒరిగిన బరువు కిందికి వచ్చి సైకిలు మళ్లీ నిలబడుతుంది. మనం ఆలోచించకుండానే క్షణక్షణం ఇదే చేస్తుంటాం. ఇది మాటలతో నేర్పేది కాదు, ఒళ్లు నేర్చుకోవలసిందే. బ్యాలెన్స్ బైక్ నేర్పేది సరిగ్గా దీన్నే.

పక్క చక్రాలు నేర్పేది దీనికి వ్యతిరేకం. అవి ఉన్నంతకాలం సైకిలు ఒరగదు కాబట్టి బిడ్డ మూడు చక్రాల బండిలాగే హ్యాండిల్ తిప్పుతుంది. అవి ఊడదీసిన రోజున తొక్కడం వచ్చి ఉంటుంది గానీ నిలబడడం మొదటి నుంచి నేర్చుకోవాలి. బ్యాలెన్స్ బైక్ అలవాటైన బిడ్డకు పక్క చక్రాలు బిగించడం వచ్చినదాన్ని మరిపించడమే. కొత్త సైకిలు కొన్నప్పుడు వాటిని బిగించవద్దని దుకాణంలోనే చెప్పండి.

బిడ్డ సిద్ధంగా ఉందని ఎలా తెలుస్తుంది?

వయసు ఒక్కటే చూడకండి. చాలామంది పిల్లలకు మూడున్నర నుంచి అయిదేళ్ల మధ్య ఈ మార్పు కుదురుతుంది. పక్కింటి బిడ్డకు మూడేళ్లకే వచ్చిందని మన బిడ్డను తొందరపెట్టాల్సిన పని లేదు. చూడాల్సిన గుర్తులు ఇవి:

ఒకటి, బ్యాలెన్స్ బైక్‌ను వేగంగా నెట్టి, రెండు కాళ్లూ ఎత్తి, మీరు ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టేదాకా పడకుండా సాగిపోతుంది.

రెండు, కాళ్లు ఎత్తి ఉండగానే మెల్లగా మలుపు తిరుగుతుంది.

మూడు, చక్రం వైపు కాకుండా ముందున్న దారి వైపు చూస్తుంది.

నాలుగు, ‘ఆపు’ అన్నప్పుడు తనంతట తాను ఆపుకుంటుంది.

ఈ నాలుగూ ఉంటే పెడల్ సైకిలు తెచ్చుకోవచ్చు. మొదటిది లేకపోతే ఇంకో రెండు నెలలు బ్యాలెన్స్ బైక్ మీదే తిరగనివ్వండి. మూడు చక్రాల సైకిలు ముందే తొక్కిన బిడ్డకు కాళ్లు గుండ్రంగా తిప్పడం తెలిసి ఉంటుంది, అది కలిసొస్తుంది. అది లేకపోయినా నష్టం లేదు.

సైజు: అంగుళాలు కాదు, కాలి కొలత చూడండి

మన దుకాణాల్లో పిల్లల సైకిళ్లను చక్రం అంగుళాల్లో చెబుతారు: 12, 14, 16, 20. నాలుగేళ్ల బిడ్డకు సాధారణంగా 14 లేదా 16 అంగుళాల సైకిలు వస్తుంది. అయితే ఒకే అంగుళాల చక్రం ఉన్నా ఒక్కో కంపెనీ సైకిలు సీటు ఒక్కో ఎత్తులో ఉంటుంది. అందుకే కొలిచి కొనాలి.

బిడ్డను చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టండి. గట్టి అట్ట పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పైకంటా ఆనించి, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలవండి. దుకాణంలో సీటును పూర్తిగా కిందికి దించమని, నేల నుంచి సీటు పైభాగం దాకా కొలవండి. ఆ ఎత్తు బిడ్డ కాలి కొలతకు సమానంగా గానీ కొంచెం తక్కువగా గానీ ఉండాలి. అంటే సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. ఇన్నాళ్లూ నేల అందుతూ వచ్చిన బిడ్డకు అదే ధైర్యం. ఒక్క కాలి మునివేళ్లు మాత్రమే అందే సైకిలు ఎంత అందంగా ఉన్నా ఇప్పటికి వద్దు.

రెండో సంగతి బరువు. నాలుగేళ్ల బిడ్డ బరువు సుమారు 16 కిలోలు. మన మార్కెట్లో దొరికే ఇనుప ఫ్రేము 16 అంగుళాల సైకిళ్లు చాలావరకు 10 కిలోల దరిదాపుల్లో ఉంటాయి. 65 కిలోల మనిషికి 40 కిలోల సైకిలు ఇచ్చినట్టు అన్నమాట. వీలైనంత తేలికైనది చూడండి. ముందు బుట్ట, వెనక క్యారియర్, స్టాండు, పక్క చక్రాలు తీయిస్తే ఒకటి రెండు కిలోలు తగ్గుతుంది. గేర్లు, స్ప్రింగుల ఫోర్కు ఈ వయసులో అనవసరపు బరువు.

మూడోది బ్రేకు. బిడ్డ వేళ్లు లీవరును అందుకుని నొక్కగలుగుతున్నాయా లేదా దుకాణంలోనే చూడండి. చాలా లీవర్లకు దగ్గరికి జరిపే చిన్న స్క్రూ ఉంటుంది, మెకానిక్‌ను అడిగితే సరిచేస్తాడు. అప్పటికీ నొక్కలేకపోతే ఆ సైకిలు వద్దు. విదేశాల నుంచి బంధువులు తెచ్చే సైకిళ్లలో కొన్నిటికి పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. ఇక్కడి సైకిళ్లలో వెనక్కి తొక్కితే ఏమీ కాదు, వట్టినే తిరుగుతుంది. మీ సైకిలు ఏ రకమో ముందే తెలుసుకోండి.

బ్యాలెన్స్ బైక్ లేకపోతే?

ప్రత్యేకంగా కొనాల్సిన పని లేదు. కాళ్లు నేలకు అందే చిన్న పెడల్ సైకిలుకే పెడళ్లు, పక్క చక్రాలు ఊడదీసి సీటు దించితే అదే బ్యాలెన్స్ బైక్. అన్నయ్య, అక్క వాడి వదిలేసిన సైకిలైనా సరే. కొన్ని వారాల తర్వాత ఆ పెడళ్లే తిరిగి బిగిస్తాం. బిడ్డకు అలవాటైన సైకిలే కాబట్టి కొత్తదన్న బెరుకు ఉండదు.

పెడల్ ఊడదీయడంలో ఒక మెలిక ఉంది. కుడి పెడల్ మరలు మామూలుగానే ఉంటాయి, ఎడమ పెడల్ మరలు మాత్రం తిరగేసి ఉంటాయి. తొక్కుతుండగా దానంతటది ఊడిపోకుండా చేసిన ఏర్పాటు అది. గుర్తుపెట్టుకునే దారి ఇది: ఏ పెడల్ అయినా సరే, స్పానర్‌ను పైకి నిలబెట్టి పట్టుకుని వెనక చక్రం వైపు తిప్పితే వదులవుతుంది, ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది. సాధారణంగా 15 మిల్లీమీటర్ల స్పానర్ సరిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు ఎడమది ఎడమకే, కుడిది కుడికే వెళ్లాలి. పెడల్ కడ్డీ చివర ఎల్, ఆర్ అని గుర్తులుంటాయి. మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పండి. బలవంతంగా స్పానర్ వేస్తే మరలు అరిగి ఆ భాగమంతా మార్చాల్సి వస్తుంది. ఇదంతా ఎందుకనుకుంటే వీధి చివర సైకిల్ షాపులో అయిదు నిమిషాల పని.

ఎక్కడ నేర్పాలి?

నున్నటి, సమతలమైన, వాహనాలు రాని చోటు కావాలి. సెలవురోజు బడి మైదానం, కల్యాణమండపం ముందున్న సిమెంటు ఆవరణ, బాడ్మింటన్ కోర్టు అన్నీ పనికొస్తాయి. గడ్డి మెత్తగా ఉంటుంది గానీ చక్రం సాగదు, బిడ్డ రెట్టింపు బలంతో తొక్కాలి. ఇసుక, కంకర అసలే వద్దు. కనిపించీ కనిపించని ఏటవాలు ఉంటే మంచిది, తొక్కకముందే సైకిలు కదులుతుంది. అయితే ఆ వాలు చివర గోడ, కాలువ, రోడ్డు ఉండకూడదు.

మూడు చోట్లను మాత్రం గట్టిగా వద్దంటాం. అపార్టుమెంటు సెల్లారు, దాని ర్యాంపు ఒకటి: వెనక్కి వచ్చే కారులోని వాళ్లకు ఇంత ఎత్తున్న బిడ్డ కనిపించదు. రెండోది మేడ పైభాగం: పిట్టగోడ ఉన్నా వద్దు. మూడోది నీటి గట్టు: యానాంలో గౌతమి ఒడ్డయినా, ఊరి చెరువు కట్టయినా, బ్రేకు ఇంకా రాని బిడ్డకు అది చోటు కాదు.

షోలాపూర్, బళ్లారి లాంటి చోట్ల ఎండాకాలంలో ఉదయం ఏడున్నర లోపే ముగించండి. వేడెక్కిన సిమెంటు మీద పడితే గీరుకోవడంతో పాటు కాలుతుంది కూడా. తీరప్రాంతాల్లో వాన వెలిసిన వెంటనే పాకుడు పట్టిన సిమెంటు మీదికి తీసుకెళ్లకండి.

నేర్పే వరస

మొదటి పని బ్రేకు. బిడ్డ సైకిలు పక్కన నడుస్తూ హ్యాండిల్ పట్టుకుని తోస్తుంది. మీరు ‘ఆపు’ అనగానే బ్రేకు నొక్కాలి. పదిసార్లు ఆటలా చేయించండి. ఏ లీవరు వెనక చక్రానిదో చక్రం ఎత్తి తిప్పి చూసి, ముందు దాన్నే అలవాటు చేయండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే బిడ్డ హ్యాండిల్ మీదుగా పడుతుంది.

రెండోది, నిలబడ్డ చోటే తొక్కడం. మీరు సీటు వెనక పట్టుకుని వెనక చక్రాన్ని కొంచెం పైకి ఎత్తండి, బిడ్డ పెడల్ తిప్పుతుంది. కాళ్లు ముందుకు, గుండ్రంగా తిరగడం ఒంటికి అర్థమవుతుంది. వెనక్కి తొక్కే అలవాటు ఇక్కడే పోతుంది. ఆ సమయంలో బిడ్డ చేతులు చక్రం దగ్గరికి, చైన్ దగ్గరికి రాకుండా చూసుకోవాలి.

మూడోది, పెడల్ సైకిలునే కాసేపు బ్యాలెన్స్ బైక్‌లా నెట్టుకుంటూ పోనివ్వండి. బరువు వేరు, హ్యాండిల్ వేరు, అలవాటు కావాలి.

నాలుగోది, బయలుదేరడం. దీనికి రెండు పద్ధతులున్నాయి. కాళ్లతో నెట్టి, వేగం వచ్చాక ఒక్కొక్క కాలు పెడల్ మీద పెట్టడం మొదటిది. బ్యాలెన్స్ బైక్ పిల్లలకు చాలావరకు ఇదే తేలిక. రెండోది, ఒక పెడల్‌ను ముందువైపు కొంచెం పైకి తెచ్చిపెట్టి, దాని మీద కాలు వేసి, రెండో కాలితో నేలను తన్ని ఒక్క తొక్కుతో కదలడం. చివరికి వచ్చి తీరాల్సింది ఇదే గానీ మొదటి రోజే రానక్కర్లేదు.

పట్టుకునే తీరు ముఖ్యం. హ్యాండిల్‌ను మీరు పట్టుకోకూడదు. మీరు తిప్పితే బిడ్డ నేర్చుకునేది ఏమీ ఉండదు. సీటును బిగించి పట్టుకున్నా సైకిలు ఒరగదు, పక్క చక్రాల కథే మళ్లీ. బిడ్డ వెనకే నడుస్తూ చంకల కింద చేతులు తేలిగ్గా ఉంచండి. నడుము వంచలేని వాళ్లు కండువాను గానీ పొడవాటి తువ్వాలును గానీ బిడ్డ ఛాతీ చుట్టూ చంకల కిందుగా తిప్పి, రెండు కొసలూ వెనక వదులుగా పట్టుకోవచ్చు. పడబోతే ఆపడానికే అది, లాగి నిలబెట్టడానికి కాదు. కొస ఎక్కడా వేలాడి చక్రంలో పడకూడదు. వెనక పరుగెత్తే పనిని మోకాళ్ల నొప్పులున్న తాతయ్యలకు అప్పగించకండి, చప్పట్లు కొట్టే పని వాళ్లది.

ఒక పూటకు పదిహేను ఇరవై నిమిషాలు చాలు. బిడ్డ ఇంకా కావాలంటున్నప్పుడే ఆపేయండి. ఏడుపుతో ముగిసిన పూట మర్నాటికి భయంగా మిగులుతుంది.

మాట ఒక్కటే ఉండాలి

ఇది ముఖ్యంగా మన ఇళ్ల సంగతి. నాన్న ‘తొక్కు’ అంటాడు. కిందింటి పెద్దాయన బెంగళూరులో అయితే ‘తుళి’ అంటాడు, మదురైలో అయితే ‘మిది’ అంటాడు. అన్నయ్య ఇంగ్లీషులో అరుస్తాడు. పిల్లలకు రెండు మూడు భాషలు తెలిసి ఉండడం మంచిదే, మామూలు వేళల్లో వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. కాని రెండు చక్రాల మీద మొదటిసారి నిలబడ్డ క్షణంలో ఎవరు ఏమంటున్నారో తేల్చుకునే వ్యవధి ఉండదు. నలుగురు నాలుగు మాటలంటే బిడ్డ తొక్కడం మానేసి మీ వైపు తిరిగి చూస్తుంది, చూసిన వైపే పడుతుంది.

అందుకని నేర్పేవాళ్లు ఒక్కరే ఉండాలి, మాటలు మూడే ఉండాలి: ‘తొక్కు’, ‘ముందు చూడు’, ‘ఆపు’. మూడూ ఇంటి మాటలే, పొట్టివే, ఒకదానితో ఒకటి కలవనివే. వాటిని బ్రేకు ఆట రోజు నుంచే అలవాటు చేయండి. ‘పడతావు జాగ్రత్త’ అని మాత్రం అనకండి. బిడ్డ చెవిన పడేది మొదటి మాటే.

తరచుగా వచ్చే ఇబ్బందులు

కాళ్ల వైపే చూస్తుంటే: పది అడుగుల దూరంలో అమ్మనో నానమ్మనో నిలబెట్టి, ఆమె ఎన్ని వేళ్లు చూపిస్తోందో చెప్పమనండి. తల దానంతటదే లేస్తుంది.

రెండు తొక్కులు తొక్కి ఆపేస్తుంటే: వేగం తగ్గితే సైకిలు ఊగుతుంది, ఊగితే భయం. మరీ మెల్లగా పోతే నిలబడడం కష్టమని బిడ్డకు తెలియదు. కొద్దిపాటి వాలున్న చోటికి మార్చండి.

బ్రేకు బదులు కాళ్లు నేలకు ఆనిస్తుంటే: బ్యాలెన్స్ బైక్ అలవాటు అది. తిరిగే పెడల్ పిక్కకు తగులుతుంది కూడా. సుద్దముక్కతో గీత గీసి, చక్రం గీత మీద ఆగేలా బ్రేకు నొక్కే పందెం పెట్టండి.

అసలు ఎక్కనంటే: వదిలేయండి. బ్యాలెన్స్ బైక్‌ను దాచేయకండి, రెండూ పక్కపక్కనే ఉంచండి. రెండు వారాలాగి చూడండి. పెడల్ సైకిలు తొక్కే ఈడు పిల్లలు ఒకరిద్దరు పక్కన ఉంటే పెద్దవాళ్ల బుజ్జగింపులకంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

హెల్మెట్, బట్టలు, దెబ్బలు

హెల్మెట్ మొదటి రోజు నుంచే ఉండాలి. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, వెనక్కి వాలకూడదు. పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు పట్టేంత సందు చాలు. సైకిలు దిగగానే హెల్మెట్ తీసేయండి. దానితోనే జారుడుబల్ల, నిచ్చెన ఎక్కితే ఎక్కడైనా ఇరుక్కుని పట్టీ మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది.

కాళ్లకు వేళ్లు కప్పే బూట్లు ఉండాలి, లేసులు లోపలికి దోపాలి. పావడా, చున్నీ, వదులు పైజామా చైన్‌లో పడతాయి. పట్టీలు, గొలుసులు తీసి ఇంట్లో పెట్టండి. చైన్‌కు పూర్తి కవరు ఉన్న సైకిలైతే మేలు.

మోకాలు, మోచేయి గీరుకోవడం మామూలే. సబ్బు నీళ్లతో కడిగితే చాలావరకు సరిపోతుంది. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, తికమక, ఆగని తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. పడినప్పుడు హ్యాండిల్ కొస పొట్టలో గుచ్చుకుంటే పైకి చిన్న మచ్చే కనిపించవచ్చు గానీ లోపల కాలేయానికి, ప్లీహానికి, క్లోమానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. పొట్ట నొప్పి తగ్గకపోయినా, వాంతులైనా, బిడ్డ పాలిపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి, హ్యాండిల్ తగిలిందని చెప్పండి. హ్యాండిల్ రెండు కొసలకూ రబ్బరు తొడుగులు చిరగకుండా ఉన్నాయో లేదో నెలకొకసారి చూడండి, ఊడితే వెంటనే వేయించండి.

ఆడపిల్లలకూ అదే వయసులో

ఆడపిల్లకు సైకిలెందుకు, దెబ్బ తగిలి మచ్చ పడుతుందనే మాట ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వినబడుతుంది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది మంది మహిళలు సైకిలు నేర్చుకున్నారు. నీళ్లు తేవడానికి, పనికి పోవడానికి, పిల్లలను బడికి దింపడానికి ఇంకొకరి కోసం ఎదురుచూడడం మానారు. పెద్దయ్యాక, నలుగురూ చూస్తుండగా, పెద్ద సైకిలు మీద నేర్చుకున్నవాళ్లు వాళ్లు. నాలుగేళ్ల పిల్లకు అంత కష్టం లేదు, సిగ్గు అసలే లేదు. అన్నయ్యకు ఏ వయసులో నేర్పారో చెల్లెలికీ ఆ వయసులోనే నేర్పండి.

నేర్చాక చేయాల్సినవి

తనంతట తాను బయలుదేరి, తిరిగి, ఆపడం వచ్చాక సీటును కొద్దికొద్దిగా, ఒక్కోసారి అంగుళంలోపు, పైకి లేపుతూ పోవాలి. సీటు ఎప్పటికీ కిందే ఉంటే మోకాళ్లు మడిచి తొక్కుతూ తొందరగా అలసిపోతారు. పాదాల ముందు భాగం నేలకు ఆనే ఎత్తు ఈ దశలో చాలు. సీటు కడ్డీ మీద ఉండే కనిష్ఠ గీత మాత్రం బయటికి కనిపించకూడదు. నెలకొకసారి గాలి, బ్రేకు, చైన్, హ్యాండిల్ బిగువు చూసుకోండి.

సైకిలు తొక్కడం వచ్చిందంటే రోడ్డు మీద పోవడం వచ్చినట్టు కాదు. వచ్చే బండి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో అంచనా వేయడం ఇంకా చాలా ఏళ్లకు గానీ రాదు. అప్పటిదాకా ఆవరణే వాళ్ల ఊరు, పెద్దవాళ్లు చేతికందే దూరంలో ఉండాలి.

ఇక పనైపోయిన బ్యాలెన్స్ బైక్‌ను అటక ఎక్కించకండి. సీటు దించి, చక్రాలు తుడిచి, వెనకాలే వస్తున్న పిన్ని కొడుక్కో పక్కింటి పాపకో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఆ మూడు మాటలూ చెప్పి మరీ ఇవ్వండి.